అభిమన్యుడి పాఠం, కొండవీటి చాంతాడు

కొండవీటి చాంతాడు అన్న మాట తెలుగునాట ఎక్కడైనా చెల్లుతుంది. బ్యాంకు ముందు వరస కనిపించినా, దేవుడి దర్శనానికి జనం బారులు తీరినా, కిరాణా కొట్టుకు రాసిన పెళ్ళి సరుకుల జాబితా చూసినా ఆ మాటే నోటికొస్తుంది. మాది కొండవీడు కాబట్టి ఆ మాటలో మాకు పొడవుకన్నా ముందు లోతు వినిపిస్తుంది. నీళ్ళు అంత అడుగున ఉన్నాయి కనుకనే తాడు అంత పొడవైందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. తాడు పొడవు చూసి నవ్వేవాడు బావిలోకి తొంగి చూడలేదన్నమాట.

ఈ వేసవిలో నా ముందుకు రెండు తాళ్ళు వచ్చాయి. ఒకటి జానెడు, రెండోది చాంతాడు. రెండింటి పనీ ఒకటే: నాలుగు దారులు కలిసేచోట, మధ్యలో గుండ్రటి దిమ్మె ఉంటే, బండి నడిపేవాడు ఏం చేయాలో చెప్పడం.

జానెడు తాడు మా పక్కింటి కుర్రాడిది. ఎల్లెల్లార్ పరీక్షకు నరసరావుపేటలో స్లాట్ బుక్ చేసుకుని, ఫోనులో ప్రశ్నలు బట్టీ పడుతున్నాడు. చాంతాడు మా అన్నయ్య కూతురిది. ఇంగ్లండులో మిల్టన్ కీన్స్‌లో ఉంటుంది. మన లైసెన్సుతో అక్కడ పన్నెండు నెలలు నడపనిస్తారు, ఆ తర్వాత వాళ్ళ లైసెన్సు తెచ్చుకోవాల్సిందే. అందులో మొదటి గండం థియరీ పరీక్ష. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, స్కూటరు దాటి ఏదీ నడపనివాణ్ణి. అయినా ఇద్దరూ పాఠం అప్పజెప్పడానికి నా దగ్గరికే వచ్చారు. "మీరు అడగండి మాస్టారూ, నేను చెబుతా" అని వాడు అరుగు మీద, "నువ్వు చూసి అడుగు బాబాయ్, తప్పయితే ఆపు" అని ఇది వీడియో కాల్‌లో. అప్పజెప్పించుకునేవాడికి ఒక లాభముంది. పాఠాన్ని చదివేవాడికన్నా నిదానంగా చదువుతాడు. అలా చదివినప్పుడు ఇవి నాకు నియమాలుగా కాక రెండు రచనలుగా కనిపించాయి. కావ్యాలను పక్కపక్కన పెట్టి తూచినట్టే వీటినీ తూచవచ్చనిపించింది.

జానెడు తాడు

కుర్రాడు అప్పజెప్పిన జవాబు ఒక్క వాక్యం. సిగ్నలూ పోలీసూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకు దారి ఇచ్చి, తగిన సంజ్ఞ చేసి ముందుకు పోవాలి. అంతే.

ఈ వాక్యానికి వంశం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 118వ సెక్షను కింద కేంద్రం 1989లో రోడ్డు నియమాలు చేసింది. అందులో తొమ్మిదోది కూడలిలో దారి ఇవ్వడం గురించి. నువ్వు చేరబోయేది ప్రధాన రహదారి అయితే దాని మీద వెళ్ళేవాళ్ళకు దారి ఇవ్వు, కాకపోతే కుడినుంచి వచ్చేవాళ్ళందరికీ ఇవ్వు అని దాని సారాంశం. 2017 జూన్‌లో వీటి స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. పుస్తకం కాస్త ఒళ్ళు చేసింది. కానీ కుర్రాడు బట్టీ పట్టిన ప్రశ్న మాత్రం ఆ పాత వాక్యపు బిడ్డే.

రచనగా చూస్తే ఆ పాత వాక్యం మంచిదే. సూత్రప్రాయంగా ఉంది. గుండ్రం, చతురస్రం, మూడు దారులు, ఐదు దారులు అని విడదీయకుండా అన్నిటికీ ఒకటే చెప్పింది. వ్యాకరణ సూత్రం లాంటిది. అల్పాక్షరాల్లో అధికార్థం.

అయితే దానికి ముందున్న ఎనిమిదో నియమాన్ని కూడా చదవాలి. కూడలి గానీ, మలుపు గానీ, కాలినడకవాళ్ళు దాటేచోటు గానీ వస్తుంటే వేగం తగ్గించు. అక్కడున్న ఎవరికీ నీవల్ల ప్రమాదం లేదని తేలేదాకా లోపలికి పోవద్దు. ఇదీ ఎనిమిదోది. ముందు జాగ్రత్త, తర్వాత వంతు. చట్టం రాసినవాడు ఆ వరస తెలిసే పెట్టాడు. కుర్రాడికి చేరేసరికి వంతు మిగిలింది, జాగ్రత్త జారిపోయింది. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనే ప్రశ్నకు వంతు బాగా ఒదుగుతుంది, జాగ్రత్త ఒదగదు. 'కుడినుంచి వచ్చేవాడికి' అన్నది సరైన జవాబు అవుతుంది. 'ఎవరికీ ప్రమాదం లేదని తేలాక' అన్నదాన్ని ఒక జవాబుగా పెడితే అది అన్ని ప్రశ్నలకూ సరైన జవాబే.

ఆ ప్రశ్నలో నన్ను ఆపింది మరొకటి ఉంది. కూడలిని అది ఎలా వర్ణించింది? సిగ్నలు లేదు, పోలీసు లేడు. ఉన్నదేమిటో చెప్పలేదు, లేనిదేమిటో చెప్పింది. అంటే మామూలుగా మనల్ని ఆపేది వాళ్ళిద్దరు. వాళ్ళు లేని అసాధారణ సందర్భంలో మాత్రమే మన నియమం మనం గుర్తు చేసుకోవాలి. పల్నాడులో సిగ్నలు లేని కూడళ్ళే ఎక్కువ. అసాధారణం అనుకున్నదే ఇక్కడ నిత్యం.

"రైటే. ఇప్పుడు లోపలికి వెళ్ళావు. మరి బయటికెలా వస్తావురా?" అని అడిగాను.

కుర్రాడు ఫోను పైకీ కిందికీ జరిపి చూశాడు. "అది నేను చదివినవాట్లో రాలేదు మాస్టారూ."

తెలుగువాడికి అభిమన్యుడు గుర్తు రాకుండా ఉండడు. పద్మవ్యూహంలోకి పోవడం నేర్పారు, తిరిగి రావడం నేర్పలేదు.

చాంతాడు

బ్రిటన్‌లో ఈ పుస్తకం పేరు హైవే కోడ్. మొదటిసారి 1931లో వచ్చింది, అప్పుడు వెల ఒక పెన్నీ. ఇప్పటి ప్రతిలో 184 నుంచి 190 దాకా ఏడు నియమాలు రౌండబౌట్లకే కేటాయించారు. మా అమ్మాయి ఒక సాయంత్రం 184 మీదా, ఇంకో సాయంత్రం 186 మీదా గడిపింది.

ఈ ఏడింటిలో అమరిక ఉంది. 184 గుండ్రానికి దూరంగా ఉండగానే మొదలవుతుంది. బోర్డులు చూడు, గీతలు చూడు, నువ్వు దిగబోయే దారి ఏదో ఇప్పుడే తేల్చుకో, అద్దం చూసి, సిగ్నల్ వేసి, ఆ తర్వాతే బండిని జరుపు. 185 గుమ్మం దగ్గర ఆపుతుంది. కుడినుంచి వచ్చేవాళ్ళకు ముందు అవకాశం ఇవ్వు. అలాగే కదలబోయే ముందు నీ ఎదుటి బండి నిజంగా కదిలిందో లేదో చూడు. ఈ చివరి మాట రాసినవాడికి లోకం తెలుసు. కుడివైపే మెడ తిప్పి చూస్తూ, ముందువాడు వెళ్ళిపోయాడనుకుని వాడి వెనక గుద్దేవాడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. 188 నుంచి 190 దాకా చిన్న గుండ్రాలు, జంట గుండ్రాలు, గుంపు గుండ్రాలు. స్విండన్ ఊళ్ళో 1972లో వెలసిన ఒక కూడలిలో ఐదు చిన్న గుండ్రాలు కలిసి ఒక పెద్ద గుండ్రం అవుతాయి. దానికి వాళ్ళు మ్యాజిక్ రౌండబౌట్ అని పేరు పెట్టుకున్నారు. అలాంటిదాని గురించీ ఈ పుస్తకం బెదరకుండా ఒక్క మాటే చెబుతుంది: ఒక్కో గుండ్రాన్నీ విడిగా చూసుకో.

వీటిలో మూడోదైన 186 ప్రధానంగా బయటికి రావడం గురించే. మొదటి దారిలోనే దిగేవాడు ముందే ఎడమ సిగ్నల్ వేసుకుని ఎడమ వరసలో రావాలి. కుడికి పోయేవాడు, చుట్టూ తిరిగి వచ్చేవాడు కుడి సిగ్నల్‌తో కుడి వరసలో రావాలి. తను దిగే దారికి ముందున్న దారి దాటాక ఎడమ సిగ్నల్‌కు మారాలి. మధ్య దారుల్లో దిగేవాడు వచ్చేటప్పుడు మామూలుగా సిగ్నలే వేయనక్కర్లేదు, ముందున్న దారి దాటాక ఎడమ సిగ్నల్ వేయాలి.

తేడా ఇక్కడ బయటపడుతుంది. మన వాక్యం ప్రవేశం గురించి. ఎవరు ముందు అన్నదే దాని ప్రశ్న. వాళ్ళ పుస్తకంలో ప్రవేశానికి దక్కిన చోటు కొద్దిది. ఎక్కువ మాటలు నిష్క్రమణకు, అంటే నువ్వు ఎటు పోతున్నావో ఎదుటివాడికి ఎప్పుడు తెలియాలి అన్నదానికి దక్కాయి. మనది హక్కుల వాటా తేల్చే పంచాయితీ తీర్పులా ఉంది. వాళ్ళది సంభాషణకు రాసుకున్న వ్యాకరణంలా ఉంది. సిగ్నల్ ఒక మాట అనుకుంటే, ఆ మాట ముందే అంటే అర్థం మారిపోతుంది, ఆలస్యంగా అంటే వినేవాడికి పనికిరాదు. 184 సిగ్నల్ వేసే వేళ ఎదుటివాణ్ణి తికమక పెట్టకూడదని విడిగా చెప్పడం అందుకే.

కుడి అంటే ఏ కుడి?

రెండు పుస్తకాల్లోనూ ఉమ్మడిగా ఉన్న మాట 'కుడి'. కుడివాడికి దారి ఇవ్వు. చూడ్డానికి ఒకటే. పుట్టుక మాత్రం వేరు.

మనమూ వాళ్ళూ రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాం. ఎడమన నడిచేవాడు దిమ్మె చుట్టూ తిరిగితే దిమ్మె అతనికి కుడిచేతి వైపున ఉంటుంది. అంటే ప్రదక్షిణే. గుమ్మం దగ్గర ఆగినవాడికి, లోపల తిరుగుతున్నవాడు ఎప్పుడూ కుడినుంచే వస్తాడు. అందువల్ల గుండ్రం అన్న మాటే ఎత్తని మన 1989 వాక్యం, గుండ్రం దగ్గర దానంతటదే సరిపోతుంది. తిరుగుతున్నవాడు ముందు, చేరేవాడు తర్వాత. గుళ్ళో నవగ్రహాల చుట్టూ తిరిగేవాళ్ళ మధ్యకు మనం చేరేదీ ఇలాగే. తిరుగుతున్నవాణ్ణి ఆపి మనం దూరం.

బ్రిటన్‌లో ఈ 'కుడి' అంత తేలిగ్గా రాలేదు. అక్కడ లెచ్‌వర్త్‌లో 1909 ప్రాంతంలోనే గుండ్రటి కూడలి కట్టారు. ఎవరు ముందు అన్నది మాత్రం దశాబ్దాల తరబడి తేలలేదు. లోపలికి పోయేవాడు పోతూనే ఉంటే, లోపలున్నవాడు బయటికి రాలేక గుండ్రమంతా బిగుసుకుపోయేది. 1966 నవంబరులో కుడివాడికి దారి ఇవ్వాలన్నది నియమంగా వచ్చాకే ముడి వీడింది.

ఫ్రాన్సులో ఇదే కుడి వేరే కథ నడిపింది. వాళ్ళు రోడ్డుకు కుడి పక్కన నడుస్తారు కాబట్టి గుండ్రం చుట్టూ అప్రదక్షిణంగా తిరుగుతారు. అక్కడ కుడినుంచి వచ్చేవాడంటే లోపల తిరుగుతున్నవాడు కాదు, కొత్తగా చేరబోయేవాడు. 'కుడివాడికి దారి' అన్న పాత సూత్రాన్నే గుండ్రాలకూ వర్తింపజేస్తే, చేరేవాళ్ళందరూ చేరుతూ పోవడం, తిరిగేవాళ్ళు నిలిచిపోవడం. 1980లలో వాళ్ళు ఆ నియమాన్ని గుండ్రాల దగ్గర తిప్పి రాసుకోవాల్సి వచ్చింది. పారిస్‌లో ఆ పెద్ద విజయతోరణం చుట్టూ మాత్రం ఇప్పటికీ పాత పద్ధతే.

అందుకే మన వాక్యాన్ని మెచ్చుకునేటప్పుడు కాస్త తగ్గి మెచ్చుకోవాలి. అది గుండ్రాన్ని ఆలోచించి కుదిరింది కాదు, ఎడమన నడిచే దేశం కావడం వల్ల కుదిరింది. కారణం చెప్పని సూత్రానికి ఉన్న చిక్కే ఇది. సరిగ్గా ఉన్నా, ఎందుకు సరిగ్గా ఉందో దానికి తెలియదు. మన కుర్రాడు రేపు టెక్సస్ వెళ్ళి 'కుడివాడికి దారి' అని బట్టీ పట్టింది గుండ్రం దగ్గర అప్పజెబితే మొదటి వారమే బంపరు పోతుంది. అక్కడ గుండ్రంలో తిరిగేవాడు ఎడమనుంచి వస్తాడు మరి.

ప్రదక్షిణతో పోలిక కూడా ఒకచోటికి వచ్చి ఆగిపోతుంది. గుళ్ళో తిరిగేవాడు ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడే ముగిస్తాడు. ఎవరు ఎటు దిగుతారన్న ప్రశ్నే లేదు. రోడ్డు మీది గుండ్రంలో అసలు కష్టమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మన మనసులో ఉన్న ప్రదక్షిణ లోపలికి పోవడం దాకా చక్కగా నేర్పి, అక్కడ వదిలేస్తుంది.

'ఆలి' అనే ప్రత్యయం

మా అమ్మాయి ఒకరోజు అడిగింది. "బాబాయ్, ఇందులో కొన్నిచోట్ల 'మస్ట్' అని పెద్దక్షరాల్లో ఉంది, మిగతాచోట్ల 'షుడ్' అని చిన్నక్షరాల్లో. తెలుగులో రాసుకుంటే రెండూ 'ఇవ్వాలి' అనే రాస్తున్నా. తేడా పోతోంది."

పట్టుకోవాల్సిందే పట్టుకుంది. హైవే కోడ్‌లో పెద్దక్షరాల్లో ఉన్నది చట్టం, మీరితే నేరం. చిన్నక్షరాల్లో ఉన్నది సలహా. సలహాను మీరినంత మాత్రాన శిక్ష పడదు గానీ కోర్టులో నీ తప్పు తేల్చడానికి దాన్ని చూపించవచ్చు. గుండ్రాల ఏడు నియమాల్లో వెతికితే ఆ పెద్దక్షరాల మాట చిన్న గుండ్రాల దగ్గర దొరుకుతుంది. మధ్యలో గీసిన తెల్ల చుక్క మీదుగా పోకుండా దాని చుట్టూ తిరిగి తీరాలి, తిరగలేనంత పెద్ద బండికి తప్ప. కుడివాడికి దారి ఇవ్వడం లాంటి ప్రాణాధారమైన మాట మటుకు చిన్నక్షరాల్లోనే ఉంది. ఆజ్ఞాపించి కాక నచ్చజెప్పి నడిపిద్దామన్నది ఆ రచన ధోరణి.

తెలుగుకు పెద్దక్షరాలు లేవు. పైగా మన 'ఆలి' ప్రత్యయం అన్ని బరువులనూ ఒక్కటే కావడిలో మోస్తుంది. 'పన్ను కట్టాలి', 'అన్నం తినాలి', 'ఒకసారి కోటప్పకొండ వెళ్ళాలి'. చట్టం, అవసరం, కోరిక, మూడింటికీ అదే ముగింపు. 'దారి ఇవ్వాలి' అని చదివిన కుర్రాడికి అది ప్రభుత్వం మాటో, అమ్మ మాటో తెలియదు. ఇది భాష లోపం కాదు. 'తీరాలి', 'కూడదు', 'మంచిది', 'మరవకు' అని మనకూ మెట్లున్నాయి. పరీక్ష ప్రశ్నల తెలుగు ఆ మెట్లు ఎక్కదు, దిగదు. ఇంగ్లీషు వాక్యాన్ని పట్టుకుని దాని అడుగుల్లోనే నడుస్తుంది. రోడ్డు మీద తెలుగులో తిట్టుకునేవాళ్ళకు నియమం మాత్రం తెలుగులో చెప్పలేకపోతున్నాం.

చాంతాడులో చిక్కుముడులు

పొడవైనదంతా లోతైనది కాదు. 186లో అన్నిటికన్నా కష్టమైన సందర్భం మధ్య దారుల్లో దిగడం. రెండు వరసల రోడ్డు మీంచి వచ్చి, ఐదు దారుల గుండ్రంలో మూడోదాంట్లో దిగాలి. ఏ వరసలో రావాలి? అక్కడ పుస్తకం చెప్పేది, తగిన వరస ఎంచుకో అని. మా అమ్మాయి ఆ 'తగిన' దగ్గరే మూడుసార్లు ఆగింది. తెలియకనే కదా చదువుతున్నది! గురువు చేయి వదిలేసిన చోటు అది. మన ప్రశ్నలో ఉన్న 'తగిన సంజ్ఞ'కూ దీనికీ అక్కచెల్లెళ్ళ పోలిక. రెండు పుస్తకాలూ చేతకానిచోట ఒకటే విశేషణాన్ని ఆశ్రయించాయి.

ఇంకో మాట. ఆ పుస్తకం ఊహించుకున్న లోకంలో రోడ్డు మీద గీతలుంటాయి, గుమ్మానికి ముందు దారుల పటం గీసిన బోర్డు ఉంటుంది. మిల్టన్ కీన్స్ 1967లో తలపెట్టి కట్టిన కొత్త ఊరు. దారులు గళ్ళుగళ్ళుగా గీసి, కలిసిన చోటల్లా గుండ్రం పెట్టారు. వందకు పైగా ఉన్నాయట. అక్కడ గుండ్రమంటే బండ్లను తిప్పే పనిముట్టు. మనకు మధ్యలో ఉన్నది పనిముట్టు కాదు, బొమ్మ. గాంధీగారో, అంబేద్కరో, ఎన్టీఆరో, వైఎస్సారో. ముందు విగ్రహం వచ్చింది, దాని చుట్టూ దిమ్మె వచ్చింది, దిమ్మె చుట్టూ సెంటర్ అన్న పేరొచ్చింది. గుండ్రం పోయినా పేరు పోదు. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ఇప్పుడు సిగ్నళ్ళున్నాయి, పైన ఫ్లైఓవర్లున్నాయి. సర్కిలు పేరులోనే మిగిలింది. ఇక మన సెంటర్లలో కుడికి పోవలసినవాడు విగ్రహం చుట్టూ తిరగడు. దాని ముందునుంచే కోసుకుని పోతాడు. దానికి మనం పెట్టుకున్న పేరు 'రాంగ్ రూట్'. పేరులోనే ఒప్పుకోలు ఉంది, అయినా పోతాం.

చాంతాడులో నాకు నచ్చింది 187. అంతకుముందు 186లో ఎవరు ఏ వరసలో ఉండాలో పూసగుచ్చినట్టు చెప్పి, వెంటనే 187లో, ఆ మాట విననివాళ్ళు ఉంటారు, చూసుకో అంటుంది. రెండు వరసల మీదా కాళ్ళు చాపి నడిచేవాడు, తప్పు వరసలో ఉన్నవాడు, నీ ముందునుంచి అడ్డంగా దిగిపోయేవాడు, కాలినడకవాళ్ళు, సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, గుర్రపు రౌతులు, పొడుగాటి బండ్లు. వాళ్ళందరికీ చోటివ్వు. 2022 జనవరిలో చేసిన మార్పులతో గుండ్రంలో సైకిలువాడికి ఇంకా గౌరవం పెరిగింది. అతను నిదానంగా పోతాడు, నీ దారికి అడ్డంగా వచ్చినా రానివ్వు. తన నియమం తప్పుతుందని తెలిసి రాసిన నియమం ఇది. ధర్మశాస్త్రం పక్కన పెట్టిన ఆపద్ధర్మం.

ఆ జాబితాలో గుర్రాలున్నాయి! రెడ్డి రాజులూ, గజపతులూ, కృష్ణదేవరాయలూ గుర్రాలు తోలిన మా కొండ కింద ఇప్పుడు గుర్రం ఊరేగింపులో తప్ప కనపడదు. కానీ మాకూ ఒక 187 కావాలి. అందులో రావలసినవాళ్ళు వేరు. మిరపకాయల టిక్కీలు ఎత్తుకు ఎక్కించి గుంటూరు యార్డుకు పోయే ట్రాక్టరు, ఎక్కడ ఎవరు చేయెత్తితే అక్కడ ఆగే షేర్ ఆటో, సాయంత్రం ఇంటికి మళ్ళే గేదెలు, హెడ్‌లైటు లేని మోపెడ్. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ కదులుతున్నప్పుడు ఎవరి వంతని ఎవరూ అడగరు, దారే తప్పుకుంటుంది. పొడుగాటి బండికి చోటివ్వడం మాకు తెలియని విద్య కాదు. రాసి లేదంతే.

పరీక్ష ఏం అడుగుతుంది

మన ఎల్లెల్లార్‌కు కేంద్ర నిబంధనల్లో పదకొండోది ఆధారం. గుర్తులు, సిగ్నళ్ళు, రోడ్డు నియమాలు, ప్రమాదం జరిగితే డ్రైవరు బాధ్యత, కాపలా లేని రైలు గేటు, బండిలో ఉండాల్సిన కాగితాలు. నూటికి అరవై వస్తే చాలు. బ్రిటన్‌లో 1996లో మొదలైన థియరీ పరీక్షలో యాభై ప్రశ్నలు, 57 నిమిషాలు, 43 సరిగ్గా రావాలి. అంకెలు పక్కన పెడదాం. అసలు తేడా 2002లో వాళ్ళు చేర్చిన రెండో భాగంలో ఉంది. పద్నాలుగు వీడియో ముక్కలు చూపిస్తారు. రోడ్డు మీద ప్రమాదం పొడసూపుతున్న క్షణాన మౌసు నొక్కాలి. ఎంత ముందుగా పసిగడితే అన్ని మార్కులు, మొత్తం 75లో 44 రావాలి. తెలివి ఉపయోగించి ఊరికే టకటకా నొక్కుతూ పోతే ఆ ముక్కకు సున్నా.

మన పరీక్ష 'నీకేం గుర్తుంది' అని అడుగుతుంది. వాళ్ళది, మొదటి భాగంలో అదే అడిగినా, రెండో భాగంలో 'నీకేం కనిపించింది' అని అడుగుతుంది. మన ఎనిమిదో నియమం అడగాలనుకున్నదీ అదే. నాలుగు జవాబుల్లో ఇమడని జాగ్రత్తను పరీక్షించడానికి వాళ్ళు వేరే పరికరం కనుక్కున్నారు. మనం ఆ జాగ్రత్తనే ప్రశ్నలోంచి వదులుకున్నాం.

ఘాట్ రోడ్డు మీద

ఇలా అనుకుంటూనే ఒక ఆదివారం కుర్రాడి నాన్న ఆటోలో కొండ పైకి వెళ్ళాం. తిరిగి దిగుతుంటే ఒక వంపులో కిందనుంచి నిండా జనంతో ఇంకో ఆటో ఎక్కి వస్తోంది. రోడ్డు ఇరుకు. ఈయన ముందే బండిని పక్కకు తీసి ఆపేశాడు.

కుర్రాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "నాన్నా, ఇది ప్రశ్నల్లో ఉంది! కొండ దారిలో ఎక్కే బండికి ముందు దారి ఇవ్వాలి."

"ప్రశ్నలేంట్రా" అన్నాడాయన. "ఎక్కే బండి మధ్యలో ఆగితే మళ్ళీ లాగలేదు. వెనక్కి జారుద్ది."

ఆ నియమం 1989 వాటిలోనూ ఉంది, హైవే కోడ్‌లో ఒంటి వరస దారుల గురించి చెప్పే 155లోనూ ఉంది. అక్కడ 'వీలైనప్పుడల్లా' అన్న మెత్తదనం ఉంది, మన దగ్గర లేదు. రెండు తాళ్ళూ ఒకటే పొడవుండే చోటు మా కొండ మీద దొరికింది. ఈ నియమం ఏ పుస్తకమూ చదవని ఆయన చేతిలో ఎందుకు నిలిచింది? దాని కారణం బండి బరువులోనే ఉంది, బ్రేకు మీద పెట్టిన కాలికి తెలుస్తుంది. గుండ్రం నియమానికీ కారణం ఉంది, కానీ అది ఎదుటివాడి మనసులో ఉంటుంది. చెబితే తప్ప తెలియదు. తాడు పొడవవ్వాల్సింది ఇలాంటి బావి దగ్గరే.

ఆ రాత్రి అమ్మాయిని ఒక్క ప్రశ్నే అడిగాను. "నువ్వు దిగే దారికి ముందు దారి దాటాకే ఎడమ సిగ్నల్ వేయమన్నారు. ముందే వేస్తే ఏం?"

ఈసారి అప్పజెప్పలేదు, కాసేపు ఆలోచించింది. "ముందే వేస్తే, ఆ ముందు దారిలోనే నేను దిగిపోతాననుకుంటారు బాబాయ్. అక్కడ ఆగి ఉన్నవాళ్ళు నన్ను నమ్మి లోపలికి వచ్చేస్తారు."

చేద నీళ్ళకు తగిలిన చప్పుడు వినిపించింది.

మర్నాడు కుర్రాడి నోట్‌బుక్కులో ఆ మాటే తెలుగులో రాసిచ్చాను, కారణం విడదీయకుండా: 'నువ్వు దిగే దారికి ముందు దారి దాటేదాకా ఎడమ సిగ్నల్ వేయకు. వేస్తే, అక్కడ ఆగినవాడు నిన్ను నమ్మి లోపలికొస్తాడు.' వాడు చదివి, తల గోక్కుని, నేను రెండు పుస్తకాలు తూచినా అడగని ప్రశ్న అడిగాడు. "మన ఎన్నార్టీ సెంటర్‌లో సిగ్నల్ వేస్తే చూసేదెవరు మాస్టారూ? వేసినోడు మాత్రం అటే పోతాడా?"

చిలకలూరిపేటలో రోజూ ఆ సెంటర్ దాటే వాళ్ళ నాన్న ఆటో తుడుస్తూ అక్కడినుంచే జవాబిచ్చాడు. "లైటు చూడమాకరా. ముందు టైరు ఎటు తిరిగిందో చూడు. బండి అటే వస్తది."

ఏ పుస్తకంలోనూ లేని ఆ మాటను నా వాక్యం కింద, అదే సిరాతో, రెండో నియమంగా రాశాను.